ఊపిరితిత్తిలో చిన్న గడ్డ: స్కాన్లకు, రేడియేషన్‌కు ఎలా సిద్ధపడాలి

ఊపిరితిత్తిలో చిన్న గడ్డ ఉందని, అది క్యాన్సరేనని, ఇంకా ఎక్కడికీ పాకలేదని తెలిసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వాళ్ళ వెంట ఫైళ్ళు పట్టుకుని ఆస్పత్రుల చుట్టూ తిరిగే కొడుకులు, కూతుళ్ళు, కోడళ్ళ కోసం ఇంకా ఎక్కువగా రాస్తున్నాను. మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర ఊరు. ఉద్యోగం విశాఖపట్నంలో, రేడియేషన్ యంత్రం దగ్గర టెక్నాలజిస్టుగా. రోగిని బల్ల మీద పడుకోబెట్టేది, గీతలు సరిచూసేది, యంత్రాన్ని నడిపేది మేమే. ఏ వైద్యం చేయాలో నిర్ణయించేది మాత్రం డాక్టర్లు. కాబట్టి నేను చెప్పేది వాళ్ళ మాటకు బదులు కాదు, ఆ మాట ప్రకారం నడుచుకోవడానికి పనికొచ్చే సంగతులు.

మొదట ఒక భయం తీరాలి. రేడియేషన్ అనగానే ఇక ఆశ లేదని కుంగిపోయేవాళ్ళను రోజూ చూస్తుంటాను. తొలి దశ గడ్డకు ఇచ్చే రేడియేషన్ నొప్పి తగ్గించడానికి ఇచ్చేది కాదు, జబ్బు నయం చేయడానికి ఇచ్చేది. అమెరికాలో ఆపరేషన్‌కు పనికిరాని రోగుల మీద చేసిన ఒక అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. మూడే సిట్టింగుల రేడియేషన్‌తో (ఒకసారి బల్ల మీద పడుకుని తీసుకునేది ఒక సిట్టింగు), మూడేళ్ళ తర్వాత చూసినా నూటికి 97 మందికి పైగా రోగుల్లో ఆ గడ్డ ఉన్నచోట మళ్ళీ పెరగలేదు. వేరే చోట జబ్బు తేలడం, గుండె జబ్బులాంటివి ఉండడం వేరే సంగతి. ఉన్న గడ్డను అణచడంలో ఈ వైద్యం అంత గట్టిది. అయితే అంత పెద్ద మోతాదును అంత చిన్న చోట పెట్టాలంటే గడ్డ ఎక్కడుందో మిల్లీమీటర్లలో తెలియాలి. అంటే ఈ వైద్యంలో సగం పని స్కాన్లదే. ఆ స్కాన్లు సరిగ్గా రావడంలో రోగి చేయగలిగింది, ఇంట్లోవాళ్ళు చేయగలిగింది చాలా ఉంది.

క్షయ అనుకుని ఆగిపోవద్దు

మన వైపు చాలామంది తొలి దశను ఇక్కడే పోగొట్టుకుంటున్నారు. దగ్గు తగ్గదు, ఎక్స్‌రేలో నీడ కనిపిస్తుంది. తెమడలో క్షయ క్రిములు ఉన్నాయో లేదో తేలకముందే మందులు మొదలవుతాయి. ఆరు నెలల కోర్సు కదా, పూర్తయ్యాక చూద్దామనుకుంటారు. ఆ ఆరు నెలల్లో చిన్న గడ్డ చిన్నగా ఉండిపోదు. నిజంగా క్షయ అయితే మందులు వాడాల్సిందే, మధ్యలో ఆపకూడదు. కానీ మందులు మొదలుపెట్టే ముందే తెమడకు సీబీనాట్ పరీక్ష చేయించమని అడగండి. క్రిములు కనిపించకపోయినా, మందులు వాడుతున్నా నీడ తగ్గకపోయినా ఛాతీకి సీటీ స్కాన్ అడగండి. దగ్గులో రక్తపు చార కనిపిస్తే ఒక్క వారం కూడా ఆగవద్దు.

లంక పొగాకు చుట్ట ఇంకా వదలని పెద్దవాళ్ళు మన ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళకు ఇది ఎక్కువ వర్తిస్తుంది. అలాగని పొగ ముట్టని ఆడవాళ్ళకు రాదనుకోవడం తప్పు. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగలో వంట చేసినవాళ్ళు, ఇంట్లో మరొకరు తాగే పొగ పీల్చినవాళ్ళు కూడా మా దగ్గరికి వస్తారు. వాళ్ళ దగ్గును ఆయాసమనో, వయసనో ఇంట్లోవాళ్ళు పట్టించుకోరు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

సీటీ, బయాప్సీ, పెట్ స్కాన్

ఛాతీ సీటీకి సాధారణంగా చేతి నరంలోకి మందు ఎక్కించి తీస్తారు. దానికి ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఊళ్ళోనే చేయించుకుని రిపోర్టు తీసుకువెళ్తే ఒక పూట కలిసివస్తుంది. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, అరనిమిషంలో తగ్గిపోతుంది. రొయ్యలు తింటే దద్దుర్లు వస్తాయి కాబట్టి ఈ మందు కూడా పడదేమోనని చెరువుల వైపువాళ్ళు తరచూ అడుగుతారు. రొయ్యలు పడకపోవడానికీ ఈ మందుకూ ప్రత్యేకమైన సంబంధం లేదు. అయినా ఏ అలర్జీ ఉన్నా, ఇంతకుముందు స్కాన్ మందుకే ఇబ్బంది పడి ఉంటే మరీ ముఖ్యంగా, ముందుగా చెప్పాలి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్ళు దాన్ని ఆపాలో అక్కర్లేదో అడిగి తెలుసుకోవాలి.

బయాప్సీ అంటే సూదితో చిన్న ముక్క తీయడం. గడ్డ ఉన్న చోటును బట్టి గొట్టం లోపలికి పంపి బ్రాంకోస్కోపీలో తీస్తారు, లేదా సీటీ చూస్తూ బయటి నుంచి తీస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న మాట మన ఊళ్ళలో బాగా నాటుకుపోయింది. ఆ భయంతో బయాప్సీ మానుకోవడం వల్ల జరిగే నష్టమే పెద్దది. నిజంగా జాగ్రత్త పడాల్సింది వేరే ఉంది. ఊపిరితిత్తి నుంచి గాలి లీకయ్యే అవకాశం కొంత ఉంటుంది. అందుకే తర్వాత కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచి, ఎక్స్‌రే తీసి పంపిస్తారు. వెంటనే బస్సెక్కి రావులపాలెం దారి పట్టవద్దు. గుండెకో, పక్షవాతానికో రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. వాటిని సొంతంగా మాత్రం ఆపకూడదు. ఊపిరితిత్తి బాగా దెబ్బతిన్నవాళ్ళకు సూది వేయడమే ప్రమాదమైతే, గడ్డ పెరుగుతున్న తీరు, పెట్ స్కాన్ చూసి డాక్టర్లంతా కలిసి నిర్ణయం తీసుకునే సందర్భాలూ ఉంటాయి.

పెట్ స్కాన్ గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఇందులో కొద్దిపాటి రేడియోధార్మికత ఉన్న చక్కెర మందును నరంలోకి ఎక్కిస్తారు. చక్కెరను ఎక్కువగా లాక్కునే చోట్లు స్కాన్‌లో వెలుగుతాయి. ఆ మందు బలం దాదాపు ప్రతి 110 నిమిషాలకు సగం తగ్గిపోతుంది. స్కాన్ కేంద్రం మీ పేరున ఆ పూటకు లెక్కగట్టి తెప్పిస్తుంది. మీరు మూడు గంటలు ఆలస్యంగా వస్తే అది మీ కోసం నిలవ ఉండదు. కోనసీమ నుంచి తెల్లవారుజామున బయలుదేరి విశాఖలో పొద్దుటి అపాయింట్‌మెంట్ అందుకోవడం కష్టం. ముందురోజే వచ్చి పడుకోండి.

స్కాన్‌కు నాలుగు నుంచి ఆరు గంటల ముందు నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోకూడదు. కొబ్బరినీళ్ళు కూడా పనికిరావు, వాటిలో చక్కెర ఉంటుంది. నోట్లో వక్కపలుకు, బిళ్ళ కూడా వేసుకోవద్దు. ముందురోజు బరువులు ఎత్తడం, చెట్లెక్కడం, సైకిల్ తొక్కడం మానేయాలి. అలసిన కండరాలు చక్కెరను లాక్కుని అనవసరంగా వెలుగుతాయి. ముందురోజు రాత్రి అన్నం తగ్గించి గుడ్డు, చేప, పప్పు తినమంటారు. రక్తంలో షుగర్ 200 దాటితే చాలా చోట్ల స్కాన్ వాయిదా వేస్తారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఆ రోజు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మందు ఎక్కించాక దాదాపు గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా కూర్చోబెడతారు. ఏసీ గదిలో చలివేస్తే దుప్పటి అడగండి. చలికి శరీరంలోని కొవ్వు కూడా వెలిగి స్కాన్ చదవడం కష్టమవుతుంది. అయ్యాక నీళ్ళు బాగా తాగాలి. ఆ రోజుకు గర్భిణులకు, పసిపిల్లలకు దూరంగా ఉండాలి.

వెలిగిందల్లా క్యాన్సర్ కాదు. క్షయ మచ్చలు, వాపులు కూడా వెలుగుతాయి. మన దేశంలో ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. రెండు ఊపిరితిత్తుల మధ్య గ్రంథి వెలిగినంత మాత్రాన జబ్బు పాకిందని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టకండి. అవసరమైతే ఆ గ్రంథికి కూడా సూది వేసి చూస్తారు. చాలా చిన్న గడ్డ అయితే క్యాన్సరే అయినా వెలగకపోవచ్చు.

ఆపరేషనా, రేడియేషనా

నేను రేడియేషన్ విభాగంలో పనిచేస్తున్నా ఈ మాట స్పష్టంగా చెబుతాను. ఆపరేషన్‌ను తట్టుకోగలిగిన వ్యక్తికి తొలి దశలో ఆపరేషనే మొదటి మార్గం. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు, చుట్టలు కాల్చి ఊపిరి సగమైపోయినవాళ్ళకు, బాగా వయసు మళ్ళినవాళ్ళకు, ఆపరేషన్ వద్దని తేల్చి చెప్పినవాళ్ళకు రేడియేషన్. గొట్టంలోకి ఊదించే స్పైరోమెట్రీ పరీక్ష ఇందుకే చేస్తారు. సర్జన్‌నూ, రేడియేషన్ డాక్టర్‌నూ ఇద్దరినీ కలవండి. ఒకరినే కలిసి నిర్ణయించుకోవద్దు.

తొలి దశకు ఇచ్చే రేడియేషన్‌ను ఎస్‌బీఆర్‌టీ అంటారు. కొందరు డాక్టర్లు ఎస్‌ఏబీఆర్ అంటారు, రెండూ ఒకటే. పాత పద్ధతిలో ఆరు వారాల పాటు రోజూ తిరిగి ముప్పై సిట్టింగులు తీసుకోవాలి. ఇందులో సాధారణంగా మూడు నుంచి ఐదు సిట్టింగులతో అయిపోతుంది. మోతాదును గ్రేలలో కొలుస్తారు. ఊపిరితిత్తి అంచున ఉన్న గడ్డకు మూడు సిట్టింగుల్లో 54 గ్రేలు, నాలుగింట్లో 48, ఐదింట్లో 50, ఇలా ఇస్తారు. గడ్డ పెద్ద శ్వాసనాళాలకు రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే మూడు సిట్టింగుల పద్ధతి ప్రమాదకరం. అలాంటివాళ్ళకు ఐదో, ఎనిమిదో సిట్టింగులుగా విడదీస్తారు. పక్క మంచం ఆయనకు మూడే కదా, మాకు ఎనిమిది ఎందుకని గొడవపడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి. చిన్న గడ్డకు ముప్పై సిట్టింగులు రాస్తే మాత్రం కారణం అడగండి. అడగడం మీ హక్కు.

విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. గోదావరి వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్ళు విశాఖ దాకా పోకుండా దువ్వాడలో దిగితే దగ్గర. ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో సిబ్బందిని కలిసి, ఏ వైద్యానికి ఎంత వర్తిస్తుందో సిట్టింగులు మొదలవక ముందే కనుక్కోండి. చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్ళేవారికీ రైలు ఛార్జీలో రాయితీ ఉంది. దానికి ఆస్పత్రి నుంచి ధ్రువపత్రం కావాలి.

సిమ్యులేషన్: ఇంట్లో సాధన చేసి రండి

సిట్టింగులు మొదలయ్యే ముందు ఒకరోజు సిమ్యులేషన్ అనే స్కాన్ ఉంటుంది. ఆ రోజు ఎలా పడుకుంటే ప్రతి సిట్టింగుకూ అచ్చం అలాగే పడుకోవాలి. రెండు చేతులూ తల మీదికి ఎత్తి, వెల్లకిలా, కనీసం అరగంట. వినడానికి సులువుగానే ఉంటుంది. చెట్లెక్కి కొబ్బరి దింపు తీసి తీసి భుజాలు పట్టేసినవాళ్ళకు, కీళ్ళ నొప్పులున్న పెద్దమ్మలకు పది నిమిషాలకే చేతులు లాగడం మొదలవుతుంది. చేయి ఒక్క అంగుళం జారితే ఛాతీ తిరుగుతుంది, లోపల గడ్డ జరుగుతుంది. అందుకని వారం ముందు నుంచే సాధన చేయించండి. నేల మీద చాప పరిచి, తల కింద పల్చని దిండు పెట్టి, చేతులు తల పైన ఆనించి పడుకోమనండి. మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు, రోజూ కొంచెం పెంచుకుంటూ అరగంటకు తీసుకురండి. నొప్పి ఎక్కువగా ఉంటే డాక్టర్‌ను అడిగి, సిమ్యులేషన్‌కు అరగంట ముందు నొప్పి మాత్ర వేయించండి. సాధన చేసి వచ్చినవాళ్ళు పడుకున్న తీరులోనే మాకు తెలిసిపోతుంది.

రెండోది ఊపిరి. గడ్డ ఒకచోట స్థిరంగా ఉండదు. యానాం రేవులో కట్టిన పడవ పోటుకు లేచి పాటుకు దిగినట్టు ప్రతి శ్వాసకూ పైకీ కిందికీ కదులుతుంది. పైభాగంలో ఉన్న గడ్డ కొన్ని మిల్లీమీటర్లే కదులుతుంది. కింది భాగంలో, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరం) దగ్గర ఉన్నదైతే సెంటీమీటరు, ఒక్కోసారి అంతకు మించి కదులుతుంది. ఆ కదలిక మొత్తాన్ని పట్టుకోవడానికే నాలుగు డైమెన్షన్ల సీటీ తీస్తాం. పొట్ట మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా పెట్టడమో, బెల్టు కట్టడమో చేస్తాం. డబ్బా అయితే ఎదురుగా ఉన్న కెమెరా అది లేచి దిగడాన్ని గమనిస్తుంది. మా తెర మీద శ్వాస ఒక అలలా గీసుకుంటూ పోతుంది. ఊపిరి నిదానంగా, ఒకే తీరుగా ఉంటే అలలన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. భయంతో గబగబా పీల్చినా, మధ్యలో నిట్టూర్చినా అల చెదురుతుంది, స్కాన్‌లో గడ్డ రెండుగా విరిగినట్టు కనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ తీయాల్సి వస్తుంది.

"ఊపిరి బిగబట్టమంటావా అమ్మా?" అని అడుగుతారు. నేను చెబితే తప్ప బిగబట్టవద్దు. నిద్రలో ఎలా పీలుస్తారో అలా పీల్చండి. కొందరికి మాత్రం ఊపిరి నిండా తీసుకుని పదిహేను ఇరవై సెకన్లు ఆపే పద్ధతి ఎంచుకుంటారు. మీకు ఆ పద్ధతి అని చెబితే, దాన్ని కూడా ఇంట్లో గడియారం పెట్టుకుని సాధన చేయండి. మనసులో ఒకటి నుంచి ఇరవై దాకా నెమ్మదిగా లెక్కపెట్టుకోవచ్చు. ఆయాసం వచ్చేవాళ్ళు బలవంతం చేసుకోవద్దు, మాకు చెప్పండి. ఉబ్బసం మందు పీల్చే అలవాటు ఉన్నవాళ్ళు ఆ రోజు దాన్ని మానకుండా పీల్చి, వెంట కూడా తెచ్చుకోవాలి.

శరీరం కింద ఒక పరుపు పెట్టి గాలి లాగేస్తాం. అది మీ వీపు ఆకారంలో గట్టిపడుతుంది. ఒంటి మీద చిన్న పచ్చబొట్టు చుక్కలో, ఇంకుతో గీతలో పెడతాం. గోడల నుంచి వచ్చే లేజరు వెలుగు ఆ గీతల మీద పడేలా మిమ్మల్ని ప్రతిసారీ సరిచేస్తాం. ఇంకు గీతలైతే సిట్టింగులు అయ్యేదాకా ఛాతీకి కొబ్బరినూనె రాయవద్దు, నలుగు పెట్టవద్దు, బామ్ పూయవద్దు. స్నానం చేయవచ్చు, తుడుచుకునేటప్పుడు రుద్దకుండా అద్దుకోవాలి. గీత చెరిగితే ఇంట్లో పెన్నుతో దిద్దకండి. ప్రేమ కొద్దీ కోడలు దిద్దిన గీత అర సెంటీమీటరు పక్కకు పోయిన సందర్భం నాకు తెలుసు. చెరిగిందని చెబితే చాలు, మేం చూసుకుంటాం.

సిమ్యులేషన్ తర్వాత కొన్ని రోజులు పిలుపు రాదు. మిమ్మల్ని మరిచిపోయామని కాదు. ఆ రోజుల్లో డాక్టర్ గడ్డనూ, గుండె, వెన్నుపాము, అన్నవాహిక లాంటి కాపాడాల్సిన అవయవాలనూ స్కాన్ మీద పొర పొరగా గీస్తారు. మెడికల్ ఫిజిసిస్టు కిరణాలు ఏ కోణాల నుంచి రావాలో లెక్కలు వేసి, యంత్రం మీద సరిచూస్తారు. ఇక్కడ తొందరపెట్టకండి.

సిట్టింగు రోజు

తిని రండి, మాత్రలు వేసుకుని రండి. ఉపవాసం అక్కర్లేదు. రేడియేషన్‌ను మన ఊళ్ళలో కరెంటు పెట్టడమంటారు, ఆ మాట విని షాకు కొడుతుందేమోనని వణికిపోయేవాళ్ళున్నారు. ఏమీ తెలియదు. ఎక్స్‌రే తీయించుకున్నట్టే. గదిలో మీరు ఒక్కరే ఉంటారు కానీ కెమెరాలో మేం చూస్తూనే ఉంటాం, మీరు పిలిస్తే వినిపిస్తుంది. ముందుగా యంత్రమే చుట్టూ తిరిగి ఒక సీటీ తీస్తుంది. దాన్ని సిమ్యులేషన్ నాటి స్కాన్‌తో సరిపోల్చి, తేడా ఉంటే బల్లను మిల్లీమీటర్లలో జరుపుతాం. బల్ల తనంతట తాను కదిలితే బెదిరి లేవకండి. అంతా సరిపోయాకే కిరణాలు. దగ్గు వస్తే చేయి ఊపండి, ఆపుతాం. మొత్తం అరగంట, కొందరికి ఇంకాస్త ఎక్కువ. సాధారణంగా రోజు విడిచి రోజు ఉంటుంది కాబట్టి ఆ వారం రెండు వారాలూ ఆస్పత్రి దగ్గరే బస చూసుకోండి.

ఇంటికి వెళ్ళాక మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకోవచ్చు, ఒకే కంచంలో తినవచ్చు. ఈ రేడియేషన్ ఒంట్లో మిగిలి ఉండదు. పథ్యం పేరుతో గుడ్లు, చేపలు మాన్పించకండి.

తర్వాత

కొన్ని రోజులు నీరసం ఉంటుంది. అసలు కనిపెట్టుకుని ఉండాల్సింది ఆరు వారాల నుంచి ఆరు నెలల మధ్య కాలంలో. పొడి దగ్గు, ఆయాసం, కొద్దిగా జ్వరం వస్తే అది రేడియేషన్ వల్ల ఊపిరితిత్తి వాచడం కావచ్చు. సరైన సమయంలో మందు ఇస్తే చాలామందికి తగ్గుతుంది. దానికి వాడే స్టెరాయిడ్లు డాక్టర్ చెబితేనే మొదలుపెట్టాలి, డాక్టర్ చెప్పినట్టే నెమ్మదిగా తగ్గించాలి. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్తే జ్వరం బిళ్ళలిచ్చి పంపుతారు, లేదా మళ్ళీ క్షయ అంటారు. గడ్డ పక్కటెముకలకు ఆనుకుని ఉన్నవాళ్ళకు నెలల తర్వాత ఆ చోట నొప్పి రావచ్చు, ఎముక చిట్లవచ్చు. అది కూడా చెప్పాలి.

మూడు నెలలకు మొదటి సీటీ తీస్తారు. తర్వాత మొదటి రెండు మూడేళ్ళు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి. రేడియేషన్ ఇచ్చిన చోట మచ్చ కట్టి, అది గడ్డ పెరిగినట్టే కనిపించవచ్చు. పాత స్కాన్లు పక్కన పెట్టి పోల్చేవాళ్ళకే తేడా తెలుస్తుంది. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, ప్రతి స్కాన్‌కూ డిస్కు అడిగి తీసుకోండి. లంక గ్రామాలవాళ్ళు జులై, ఆగస్టుల్లో వరద రాకముందే డిస్కులను, ఫైళ్ళను పాలిథిన్ సంచిలో గట్టిగా కట్టి అటక ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో మరో ప్రతి వేరే ఊళ్ళో ఉన్న పిల్లల దగ్గర పెట్టండి.

చుట్ట, బీడీ, సిగరెట్ ఏదైనా సరే సిట్టింగులు మొదలవక ముందే మానేయాలి. కష్టంగా ఉంటే 1800-11-2356 కు ఫోన్ చేయండి, డబ్బు కట్టనక్కర్లేదు, మానడానికి సాయం చేస్తారు.

చివరి సిట్టింగు రోజున డిశ్చార్జి కాగితం తీసుకున్నాక ఒక అట్టముక్క మీద ఇవి తెలుగులో రాసి రోగి జేబులో పెట్టండి: ఏ వైపు ఊపిరితిత్తికి, పైనా కిందా, ఎన్ని గ్రేలు, ఎన్ని సిట్టింగులు, ఏ తేదీతో ముగిసింది, రేడియేషన్ విభాగం ఫోన్ నంబరు. అర్ధరాత్రి ఆయాసంతో అమలాపురంలోనో, కాకినాడలోనో ఏ ఆస్పత్రికి తీసుకువెళ్ళినా ముందుగా ఆ అట్టముక్కను డ్యూటీ డాక్టర్ చేతికి ఇవ్వండి.